చెన్నై ఎండకు ఏ కేస్ ఫ్యాన్: నాక్టువానా, ఆర్కటిక్ చాలా?

కంప్యూటర్ కేస్‌తో వచ్చిన ఆర్‌జీబీ (రంగుల లైట్ల) ఫ్యాన్లు ఏడాది తిరక్కుండానే గరగరమంటున్నాయనీ, నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25 మీద అంత డబ్బు పెట్టాలా, చవకైన ఆర్కటిక్ పీ12 సరిపోతుందా అనీ మీరు అడిగారు. నేనుండేది వేళచ్చేరిలో. రెండూ నా మెషీన్‌లో ఉన్నాయి.

ముందు ఆ గరగర సంగతి. చవక ఫ్యాన్లలో ఎక్కువగా స్లీవ్ బేరింగే (నూనె పూసిన గొట్టంలో ఇరుసు తిరిగే రకం) ఉంటుంది. అలాంటి ఫ్యాన్‌ను కేస్ పైన పడుకోబెట్టి బిగించి, కింద నుంచి గ్రాఫిక్స్ కార్డు వేడి కొడుతుంటే లోపలి నూనె ఎండిపోయి ఇరుసు అరుగుతుంది. మా పాత కేస్ పైనున్నది అలాగే పోయింది. దాని జతే, వెనక నిలువుగా బిగించింది, ఇంకా తిరుగుతోంది. కంప్యూటర్ ఆపేసి ఫ్యాన్ మధ్యభాగాన్ని పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. లొడలొడలాడితే దాని పని అయిపోయినట్టే.

మీరడిగిన రెండింటిలోనూ ఆ బెడద తక్కువ, ఇరుసు చుట్టూ నూనె పొర నిలిచే ఫ్లూయిడ్ తరహా బేరింగులు. స్టాటిక్ ప్రెషర్ (అడ్డున్నా గాలిని నెట్టే బలం, నీటిమట్టం లెక్కలో) నాక్టువాకు 2.34 మిల్లీమీటర్లు, పీ12కు 2.2. డస్ట్ ఫిల్టర్ వెనక బిగించేటప్పుడు చూడాల్సింది ఈ అంకెనే, పెట్టె మీద పెద్దగా వేసే సీఎఫ్‌ఎంను (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్నది) కాదు. నా మెషీన్‌లో టెంపరేచర్ తేడా చెప్పుకోదగ్గంత లేదు. తేడా అంతా చప్పుడులోనే: పీ12 వెయ్యి ఆర్‌పీఎం దగ్గర సన్నగా హమ్ చేస్తుంది. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఫ్యాన్ కర్వ్, అంటే ఏ వేడికి ఎంత వేగమన్న లెక్క, మార్చి ఆ వేగాన్ని దాటించేశాను. నాక్టువా చెప్పే 1,50,000 గంటలు సగటు లెక్క, మీ ఫ్యాన్‌కు పదిహేడేళ్ల హామీ అనుకోకండి. ఆరేళ్ల వారంటీనే నమ్మండి.

ఒక నాక్టువా డబ్బుకు దాదాపు మూడు నాలుగు పీ12లు వస్తాయి. నేనైతే ముందు పీ12లు పెట్టి, మంచం పక్కనే సిస్టమ్ ఉంటే సీపీయూ కూలర్‌కు మాత్రం ఒక నాక్టువా తీసుకుంటాను. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొంటే బిల్లు అడిగి తీసుకోండి, వారంటీకి అదే దిక్కు. ఏ ఫ్యానైనా గది వేడి కన్నా చల్లబరచలేదు, మే నెలలో టెంపరేచర్ అంకె చూసి టెన్షన్ పడొద్దు. దుమ్ము ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి. బ్లోయర్ గాలికి అతివేగంగా తిరిగితే బేరింగే దెబ్బతింటుంది.

మీ పాత ఫ్యాన్లు మోలెక్స్‌కు (పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే కనెక్టర్‌కు) కలిపి ఉంటే ఎప్పుడూ ఫుల్ స్పీడే. వేగం మార్చుకోవాలంటే మదర్‌బోర్డులో ఫ్యాన్ తగిలించే నాలుగు పిన్నుల హెడర్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో చూడండి. ఒక్కటే ఉంటే పీఎస్‌టీ అని రాసున్న పీ12 తీసుకోండి, ఒకదాని వైరుకు ఇంకొకటి తగిలించుకోవచ్చు.