కెమెరా బిగించినవారి బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: ఖమ్మంలో ఆరేళ్లుగా సీసీ కెమెరాలు బిగిస్తున్నాను. ఒక మహిళా హాస్టల్ యజమాని, దొంగతనాలు జరుగుతున్నాయంటూ స్నానాల గదుల ముందున్న వరండాలోనూ, బట్టలు మార్చుకునే గదిలోనూ కెమెరాలు పెట్టమంటున్నారు. ‘పెట్టించుకునేది నేను, నీకేం భయం’ అంటున్నారు. పాత కస్టమర్లు మరచిపోతారని వారి పాస్‌వర్డ్‌లు కూడా నా ఫోన్‌లోనే ఉంచుకున్నాను. రేపు ఏదైనా జరిగితే నా మీదికి వస్తుందా?

జవాబు: వస్తుంది. బట్టలు మార్చుకునే గదిలో కెమెరా పెట్టడానికి ఎంత డబ్బు ఇచ్చినా, ఏ కాగితం మీద సంతకం చేసి ఇచ్చినా మీరు ఒప్పుకోకూడదు. ఎవరూ చూడరన్న నమ్మకంతో స్త్రీ ఏకాంతంగా ఉన్న స్థితిని చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు, జరిమానా. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఈ సెక్షన్ స్త్రీపురుష భేదం లేకుండా వర్తిస్తుంది. హాస్టల్‌లో 18 ఏళ్లు నిండని ఇంటర్ విద్యార్థినులు ఉంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కూడా ముందుకు వస్తుంది. అది ఏ గదో తెలిసి కూడా కెమెరా బిగించి ఇచ్చినవారిని నేరానికి తోడ్పడినవారిగా చూస్తారు కనుక ‘వైరు లాగడమే నా పని’ అన్న మాట అక్కడ నిలబడదు.

వరండా సంగతి వేరు. అక్కడ కెమెరా పెట్టడమే తప్పు కాదు, అది ఏం చూస్తున్నదన్నదే ప్రశ్న. నిచ్చెన దిగకముందే, స్నానాల గది తలుపును పూర్తిగా తెరిపించి, ఫోన్‌లో దృశ్యం చూడండి. లోపలి గోడ ఒక్క చారెడు కనిపించినా కోణం మార్చాలి, లేదా డీవీఆర్ (దృశ్యాలను రికార్డు చేసే పెట్టె) సెట్టింగ్స్‌లో ఆ భాగాన్ని నల్లగా కప్పేయాలి. ఏ కెమెరా ఎక్కడ, ఎటువైపు ఉన్నదో చిన్న పటం గీసి, యజమాని సంతకం తీసుకుని, కెమెరాలు ఉన్నాయన్న బోర్డు అమ్మాయిలకు కనబడేచోట పెట్టించండి. సొంత ఇంట్లోనైనా ఇష్టారాజ్యం చెల్లదు: ఉమ్మడిగా ఉంటున్న ఇంటి లోపలి భాగంలో సోదరుని సమ్మతి లేకుండా పెట్టిన కెమెరాలను 2025లో కలకత్తా హైకోర్టు అనుమతించలేదు, సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది పాస్‌వర్డ్‌ల విషయం. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఏదో ఒక ఇంటి దృశ్యం బయటికి పొక్కిన రోజున, ఆ కెమెరాలోకి ఎవరెవరి ఫోన్లు వెళ్లాయన్నదే పోలీసులు ముందుగా చూస్తారు, అందులో మీ ఫోన్ ఉంటుంది. అనుమతి లేకుండా పరికరంలోకి ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కిందికి, దురుద్దేశంతో అయితే 66వ సెక్షన్ కిందికి వస్తుంది. ఒప్పందం ప్రకారం పని చేస్తూ చేతికందిన వ్యక్తిగత సమాచారాన్ని నష్టం కలిగేలా బయటపెడితే 72ఏ వర్తిస్తుంది. అందువల్ల పని అప్పగించే సమయంలోనే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ తీసేసి, కొత్తది కస్టమర్ చేతనే టైపు చేయించి, రికవరీ మొబైల్ నంబరుగా వారిదే ఇచ్చి, యాప్‌లోంచి మీ ఖాతాను తొలగించండి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) పని కోసం లోపలికి వెళ్లవలసి వస్తే వాట్సాప్‌లోనైనా అనుమతి రాయించుకోండి.

రికార్డింగ్ కావాలని పక్కింటివారో, బంధువులో అడిగితే ఇవ్వకండి. పోలీసులు అడిగితే యజమాని ద్వారానే ఇప్పించండి. కోర్టులో అది సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువీకరణ పత్రం ఉండాలి. డీవీఆర్ గడియారం ఇరవై నిమిషాలు వెనక ఉంటే ప్రతివాది న్యాయవాది మొదట పట్టుకునేది దాన్నే. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో జనసమ్మర్దం ఉండే సంస్థలు 2013 నాటి ప్రజా భద్రతా చట్టం కింద రికార్డింగ్‌ను 30 రోజులు దాచాలి. ఆ మాట చెప్పి పది రోజులకే నిండిపోయే హార్డ్ డిస్క్ అమర్చితే వినియోగదారుల కమిషన్ ముందు అది సేవాలోపమే.

హాస్టల్ యజమానికి మీ నిరాకరణను నోటిమాటగా కాక, కారణంతో సహా రాతపూర్వకంగా పంపి, నకలు దగ్గర ఉంచుకోండి. ఫోన్‌లోని పాత పాస్‌వర్డ్‌లను మాత్రం ఒక్కొక్క కస్టమర్‌కు ఫోన్ చేసి, వారిచేత మార్పించాకే చెరిపేయండి.