ఊరి చివరి గుడిసె

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రాత్రి ఒకసారి, తెల్లవారి కాఫీ తాగకముందే ఇంకోసారి చదివాను. నందన కరువు మీద రాయాలని ఈ వయసులో నీకు అనిపించినందుకు చాలా సంతోషమైంది. 1832-33లో మన గుంటూరు జిల్లా జనంలో దాదాపు మూడో వంతు పోయారని అంచనా. డొక్కల కరువని కూడా అన్నారు దాన్ని. బెజవాడ దగ్గర కృష్ణకి 1852లో మొదలుపెట్టి 1855లో ముగించిన ఆనకట్ట వెనక ఆ చావులున్నాయి. ఆ ఆనకట్ట స్థానంలోనే 1957లో నువ్వు రోజూ దాటే ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని చోటికి వస్తాను. ఊరి చివర గుడిసెలో మనిషి మాంసం తినే సన్నివేశం. మూడు పేజీలు రాశావు. పొయ్యి, కుండ, వాసన అన్నీ ఉన్నాయి. ఆ చచ్చిపోయినవాడు ఎవరు, ఎలా చచ్చాడు అన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశావు.

లా చదువుతున్నదానివి, ఇంగ్లండ్‌లో నడిచిన మిగ్నొనెట్ ఓడ కేసు క్లాసులో వినే ఉంటావు. దాన్ని కథ రాసేదానిలా ఇంకోసారి చదువు. 1884 జులై 5న నడిసముద్రంలో ఓడ మునిగింది. చిన్న పడవలో నలుగురు మిగిలారు: కెప్టెన్ డడ్లీ, స్టీఫెన్స్, బ్రూక్స్, పదిహేడేళ్ల రిచర్డ్ పార్కర్. వాళ్ల దగ్గరున్నది రెండు టర్నిప్ డబ్బాలు. తాగడానికి నీళ్లు లేవు. ఒక తాబేలు దొరికితే దాన్ని కొన్నాళ్లు తిన్నారు. కుర్రాడు దాహానికి ఆగలేక ఉప్పునీళ్లు తాగి పడిపోయాడు. ఇరవై రోజులు గడిచేసరికి డడ్లీ ప్రార్థన చేసి, ఆ పిల్లవాడి గొంతు కోశాడు. ఎవరు చావాలో తేల్చడానికి చీట్లు వేయలేదు. నాలుగు రోజులకే ఓడ కనిపించింది.

కోర్టులో జరిగింది చూడు. బ్రూక్స్ చంపడానికి ఒప్పుకోలేదు, కానీ తిన్నాడు. అతని మీద కేసు వదిలేశారు, ప్రాసిక్యూషన్ తరఫున సాక్షి అయ్యాడు. ఉరిశిక్ష పడింది డడ్లీకీ స్టీఫెన్స్‌కీ. తర్వాత దాన్ని ఆరు నెలల జైలుకి తగ్గించారు. బయట జనమంతా వాళ్లవైపే. చచ్చినవాడి సొంత అన్న కూడా కోర్టులో వాళ్లకి చెయ్యి అందించాడు. అయినా ప్రధాన న్యాయమూర్తి కోల్‌రిడ్జ్ అడిగిన ప్రశ్న నన్ను వదలదు: ప్రాణాల విలువ దేనితో కొలుస్తారు, బలంతోనా, తెలివితోనా? అందరికంటే చిన్నవాణ్ణి, ఎదురు తిరగలేనివాణ్ణి ఎంచుకున్నారే, పెద్దవాళ్లలో ఒకణ్ణి కాకుండా వాణ్ణే చంపాల్సిన అవసరం ఏం వచ్చింది? నీ కథకి ప్రాణం ఆ ఎంచుకున్న క్షణంలో ఉంది. పొయ్యి దగ్గర లేదు.

దీని పక్కన ఆండీస్ విమానాన్ని పెట్టి చూడు. 1972 అక్టోబర్ 13న దక్షిణ అమెరికా మంచుకొండల్లో కూలింది. నలభై ఐదు మందిలో 72 రోజుల తర్వాత బతికి బయటపడింది పదహారు మంది. అప్పటికే చచ్చిపోయిన స్నేహితుల శరీరాలు తిన్నారు. నేను పోతే నన్ను తినండని ఒకరికొకరు చెప్పుకున్నారు. క్రీస్తు తన శరీరాన్ని రొట్టెగా ఇచ్చిన మాట గుర్తు చేసుకుని మనసుకి సర్దిచెప్పుకున్నారు. ప్రాణం నిలుపుకోవడానికి చేసింది పాపం కాదని చర్చి అంది. తినడం రెండుచోట్లా తినడమే. అయినా డడ్లీ పేరు వింటే నా చెయ్యి బిగుసుకుంటుంది, వీళ్ల సంగతి చదివితే కళ్లు చెమరుస్తాయి. మన చట్టంలో కూడా మనిషి మాంసం తినడమనే పేరుతో విడిగా సెక్షన్ లేదు. హత్యకి ఉంది. శవాన్ని అవమానించినందుకు పాత కోడ్‌లో 297, ఇప్పటి న్యాయ సంహితలో 301 ఉన్నాయి.

మతం మాటకొస్తే, నేను మొదట విన్నది సిరియాళుడి కథ. కొండవీటి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పిందే. మా నాయనమ్మ వెన్నెల్లో కంచం ముందు పెట్టి కథ చెబుతూ ముద్దలు కలిపి పెట్టేది. జంగమయ్య వేషంలో శివుడొచ్చి కొడుకు మాంసం అడుగుతాడు. తల్లీతండ్రీ పిల్లవాణ్ణి కోసి వండుతారు. నీ కొడుకు పక్కన కూర్చుంటేనే తింటానంటాడు అతిథి. తల్లి వాకిట్లోకెళ్లి పేరు పెట్టి పిలిస్తే వాడు పరుగెత్తుకుంటూ వస్తాడు. "కోసేటప్పుడు వాళ్లమ్మ ఏడ్చిందా?" అని అడిగాను. నాయనమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. కాసేపటికి దాన్ని నా నోట్లో పెట్టి, "తిను నాయనా" అంది. భక్తి కథ అని అందరూ అంటారు, అది నిజమే. నాకు మాత్రం ఇప్పటికీ ఆ ఆగిన చెయ్యే గుర్తొస్తుంది.

అసలు మన మాటల్లోనే చూడు. అప్పులవాళ్లు పీక్కుతింటున్నారంటాం. అత్తగారు కోడల్ని కాల్చుకుతింటోందంటాం. ఈ మాటల్లో తినేవాళ్లు ఎప్పుడూ బలమున్నవాళ్లే. మరి నీ కథలో ఆ పని ఊళ్లో అందరికంటే దిక్కులేని గుడిసెకి ఎందుకు అంటగట్టావు? ఆ కరువులో అక్కడ అలా జరిగిందని నీకు ఎవరు చెప్పారు? ధాన్యం ఎవరి గాదెల్లో ఉంది, శిస్తు కట్టమని ఎవరు వచ్చి నిలబడ్డారు, ఒక్క ముక్క లేదు.

ఇది చిన్న పొరపాటు అనుకోకు. 1503లో స్పెయిన్ రాణి ఇసబెల్లా ఒక ఉత్తర్వు ఇచ్చింది. నరమాంసం తినే కరీబులని (కరీబియన్ దీవుల జాతి అది) పేరుపడ్డ వాళ్లని పట్టి బానిసలుగా అమ్ముకోవచ్చని. అంతే, ఎవరిని పట్టుకోవాలంటే వాళ్లకి ఆ పేరు పెట్టడం మొదలైంది. నరభక్షకుడికి ఇంగ్లీషులో వాడే కానిబల్ అన్న మాటే ఆ కరీబుల పేరులోంచి వచ్చింది. ఒక జాతి నోటికి మనిషి నెత్తురు పులిమితే, తర్వాత వాళ్లని ఏం చేసినా ఎవరూ అడగరు. కాబట్టి ఆధారం లేకుండా ఆ పని ఎవరి మీదా వేయకు. ఊహే అయితే, ఆ ఊహకి నీ సొంత ఇంటివాళ్లని, నీ కులంవాళ్లని, నీ వీధివాళ్లని నిలబెట్టి చూడు. అప్పుడు కలం ఎంత నెమ్మదిస్తుందో నీకే తెలుస్తుంది.

ఆ మూడు పేజీలూ తీసెయ్. గుడిసెలో ఆవిడకి పేరు పెట్టు. ఆవిడ పొద్దున్నే లేచి చిక్కంలో ఏముందో తడుముకుని, గాదె ఉన్న ఇంటి అరుగు దాకా నడిచి, అక్కడ ఎంతసేపు నిలబడిందో రాయి. ఆ ఇంట్లోంచి ఎవరు బయటికొచ్చారో, ఏమన్నారో రాయి.

రెండో రాత అయ్యాక ఫోన్లో పంపకు, నా కళ్లు నిలవడం లేదు. ప్రింటు తీయించి, అంచు వెడల్పుగా వదిలి, పోస్టులో వెయ్యి. ఆదివారం వీలైతే నువ్వే పట్టుకుని రా, భోజనం ఇక్కడే.