సౌండ్‌బార్ మూగబోతే వాల్వులే దిక్కా?

ప్రశ్న: నాలుగేళ్ల సౌండ్‌బార్ మొన్న అప్‌డేట్ అయ్యాక మూగబోయింది. లైటు వెలుగుతుంది, చప్పుడు రాదు. బోర్డు పోయింది, కొత్తది దొరకదన్నారు. విసుగొచ్చి వాల్వ్ యాంప్లిఫయర్‌కి, అదే పాతకాలపు గాజు గొట్టాలతో పనిచేసేదానికి, మారిపోదామనుకుంటున్నా. ఆన్‌లైన్‌లో బ్లూటూత్‌తో కలిపి ఏడు వేలకే ఉంది. కొనొచ్చా?
- సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఊళ్లూ పేటలూ మారుతున్నాయి గానీ నాకొచ్చే ఉత్తరం మాత్రం ఇదే. రీసెట్ కొట్టడం, కేబుల్ మార్చడం చేసే ఉంటారు, వాటి జోలికి పోను. నాకు భయమేసింది మీరు రాయని సంగతి గురించి. బోర్డు దొరకదని చెప్పినవాళ్ల నంబరు మీకెక్కడ దొరికింది?

గూగుల్‌లో కంపెనీ పేరు కొట్టి, పైన కనిపించిన నంబరుకి ఫోన్ చేసి మునిగినవాళ్లు చాలామంది ఉన్నారు. అవతలి మనిషి మర్యాదగా తెలుగులోనే మాట్లాడతాడు. కంప్లయింటు బుక్ చేయడానికి పది రూపాయలు కట్టమంటాడు, వాట్సాప్‌లో ఓ ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ని ఎక్కించే ఫైలు) పంపుతాడు. అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. పాటల పెట్టె బాగుచేయడానికి నా మెసేజీలతో పనేంటని ఎవరూ అడగరు, టకటకా నొక్కుకుంటూ పోతారు. ఆ తర్వాత మీ బ్యాంకు ఓటీపీ వచ్చీ రాగానే వాడి చేతిలో ఉంటుంది. ఇంకొందరు స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, తెర మీద కనిపించేదంతా తాపీగా చదువుకుంటారు. అలాంటిదేదైనా వేసుకుని ఉంటే ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపేసి వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరపడితే సొమ్మును దారిలో నిలిపేసే వీలు అంత ఎక్కువ. అసలు నంబరు కావాలంటే బిల్లు మీద, పెట్టె అడుగున ఉన్న స్టిక్కరు మీద చూడండి.

ఇందులో సగం పాపం తయారీదార్లది. ఫోన్ నంబరును యాప్‌లో నాలుగు మెనూల కింద దాస్తారు. ఆ యాపేమో సెట్టు కనెక్టయితే తప్ప ముందుకి కదలదు. సెట్టు చచ్చాక కదా మనకి ఆ నంబరుతో పని! అసలు స్పీకరుకి వైఫై ఎందుకు? ఉంది పో, మనల్ని అడక్కుండా అర్ధరాత్రి అప్‌డేట్ దిగడమెందుకు? తేడా వస్తే పాత వెర్షన్‌కి వెళ్లే దారి పెట్టకుండా వదిలినవాళ్లని ఓ నెలపాటు సర్వీస్ కౌంటర్లో కూర్చోబెట్టాలి. అన్నట్టు, దాన్ని పాత సామాన్లవాడికి వేసేముందు ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చండి. ఇప్పుడున్నది ఆ పెట్టె మెమరీలోనే ఉంటుంది.

ఇక ఏడు వేల వాల్వులు. ఆ ధరలో వచ్చేవాటిలో చాలావాటికి ముందు రెండు బుల్లి వాల్వులు, వాటి కింద నారింజ రంగు ఎల్ఈడీలు ఉంటాయి. ఫొటోలో మెరిసేవి ఆ ఎల్ఈడీలే. స్పీకర్లని వాయించే పని మాత్రం లోపలి చిప్‌ది. మీరు వద్దనుకుంటున్న సరుకే ముసుగేసుకుని వస్తోందన్నమాట.

నిజమైన వాల్వ్ యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ల బరువుకే ఒంటిచేత్తో లేవదు. ఈఎల్34 అనే రకం వాల్వ్ ఒక్కోటీ లోపలి హీటర్ కోసమే 6.3 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు తాగుతుంది. నాలుగు వాల్వుల సెట్టయితే ఒక్క స్వరం పలక్కముందే దాదాపు 38 వాట్లు వేడి. మే నెలలో, బెజవాడలో! రసికులు కళ్లకద్దుకునే 300బీ వాల్వ్ ఒంటరిగా ఇచ్చేది 8 వాట్ల చిల్లర. తక్కువ పవరుకే బాగా పలికే స్పీకర్లు లేకపోతే అది ఏ మూలకీ చాలదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్లు గుయ్యిమంటాయి. పాట తియ్యగా ఉంటుందా అంటే ఉంటుంది, కాదనను. ఆ తీపిలో కొంత వాల్వ్ సొంతంగా కలిపే సెకండ్ హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ ఉన్న అదనపు స్వరం. ఇష్టపడి కొనుక్కుంటే సరే, సౌండ్‌బార్ మీద అలిగి మాత్రం కొనకండి. మీక్కావలసింది వైఫై లేని సెట్టు. ఫోన్‌నో టీవీనో వైరుతో కలిపే ఆక్స్ సాకెట్టు, స్పీకర్ వైర్లు బిగించే టెర్మినళ్లు ఉన్న మామూలు స్టీరియో యాంప్లిఫయర్ చాలు. దాని కెపాసిటర్ (కరెంటును నిలవ ఉంచే భాగం) పోతే గవర్నర్‌పేటలో ఇప్పటికీ మార్చి ఇస్తారు.

ప్రశ్న: అటక మీద తాతయ్య వాల్వ్ రేడియో దొరికింది. ప్లగ్ పెట్టి చూడనా? యూట్యూబ్ చూసి నేనే బాగుచేద్దామని.
- అరండల్‌పేట, గుంటూరు

జవాబు: పెట్టకండి. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి వినడానికి కొన్న సెట్టేమో, ఒక్క ప్లగ్గుతో దాన్ని కాల్చేయకండి. ఇన్నేళ్లు మూలపడి ఉంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, కాగితపు కెపాసిటర్లు లీకవుతుంటాయి. నేరుగా 230 వోల్టులిస్తే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వో ట్రాన్స్‌ఫార్మరో మాడిపోవచ్చు.

సెట్టు సంగతి అలా ఉంచండి, మీ సంగతి. కొన్ని పాత సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. రేకు ఛాసిస్ (భాగాలు బిగించే చట్రం) నేరుగా కరెంటు తీగకి కలిసి ఉంటుంది. ప్లగ్ తిరగబడితే ఛాసిస్‌కి ఫేజ్ వచ్చేస్తుంది. నాబ్ ఊడి ఇనుప కడ్డీ బయటపడి ఉంటే దాన్ని ముట్టుకున్నా షాకే. లోపల రెండు మూడు వందల వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉండొచ్చు. వెనక అట్ట మీరు విప్పొద్దు.

వాల్వుల మీద బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) అచ్చు కనిపిస్తే పారేయకండి. అవి మన దేశంలో తయారైనవే, వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత మెకానిక్ ఎవరైనా ముందు సెట్టుకి వెళ్లే కరెంటు దారిలో సిరీస్ బల్బు పెట్టి చూస్తాడు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. బల్బూ లేదు గిల్బూ లేదు, నేరుగా ప్లగ్ పెట్టేద్దాం అన్నాడంటే రేడియో చంకన పెట్టుకుని వచ్చేయండి.