ఆటోమేటిక్ మెసేజీలు ఇప్పుడే ఆన్ చేయకు

అమ్మలూ,

లెక్కలు రాసే టాలీ పక్కన పెట్టి వ్యాపారం మొత్తం కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారుస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. భీమవరంలో ఒక్క షట్టరుతో మొదలెట్టిన రొయ్యల ఫీడ్ షాపుకి ఉండిలో, ఆకివీడులో బ్రాంచీలు పెట్టావంటే కనబడ్డ వాళ్లందరికీ నా మేనకోడలే అని చెప్పుకుంటున్నాను. కానీ వచ్చే నెల ఒకటో తారీఖు నుంచే అన్నప్పటినుంచి ఒకటే టెన్షన్. చెరువుల్లో రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడుల మధ్యలో లెక్కలు మార్చమని నీకు ఎవరు చెప్పారే?

జోహోనా, ఓడూనా, ఈఆర్‌పీ నెక్స్టా అన్నది నువ్వే తేల్చుకో, డెమోలు చూసింది నువ్వు కదా. మన డేటా అంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్సెల్‌లోకి దింపుకునే వీలుందో లేదో డబ్బు కట్టకముందే చూడు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టకు. ఫీడ్‌కి జీఎస్టీ లేకపోయినా ఆ అమ్మకం టర్నోవర్‌లో కలుస్తుంది, 5 కోట్లు దాటాక జీఎస్టీ నంబరున్న షాపుకి మందులో మినరల్సో వేస్తే ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు, తప్పదు, 2023 ఆగస్టు నుంచి ఉన్న రూలే. అది ఇందులోంచే వస్తుందా, పోర్టల్‌లో మళ్లీ కొట్టుకోవాలా అడుగు.

ఇక నా భయం. నేను వసూళ్లు చూసిన ఏజెన్సీ, పేరు వద్దులే, నీలాగే ఒక్క రోజులో మారింది. మా ఓనరు మంచివాడే కానీ తొందర మనిషి. అక్కడ టాలీలో బిల్లు వారీ లెక్క ఉండేది కాదు. రైతు పట్టుబడి అయ్యాక రెండు లక్షలు తెచ్చిస్తే అది ఏ బిల్లుకో రాయకుండా ఆన్ అకౌంట్ అని వేసేసేవారు. కొత్తదాంట్లోకి ఎక్కించేసరికి పాత బిల్లులన్నీ కట్టనట్టు ఒకవైపు, వచ్చిన డబ్బంతా అడ్వాన్సు అన్నట్టు ఇంకోవైపు పడ్డాయి. మొత్తం కూడితే సరిపోతుంది, అందుకే ఎవరూ పట్టుకోలేదు. దానికితోడు గడువు 30 రోజులని ఉన్నదాన్ని ఎవరూ మార్చలేదు. సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేసింది మొదలు పట్టుబడికి మూడు నాలుగు నెలలు పడుతుందని, రైతు అప్పుడే కడతాడని ఆ కంప్యూటర్‌కి ఎవరు చెప్పాలి? ఒక పొద్దున్నే అందరి ఫోన్లకీ ‘మీ బాకీ గడువు దాటింది, వెంటనే చెల్లించగలరు’ అని మెసేజీలు వెళ్లిపోయాయి. పూర్తిగా కట్టేసినవాళ్లకి కూడా.

కాళ్ల ఊరి వైపు ఒకాయనకి ఆ పంట తెల్లమచ్చ రోగం వచ్చి పోయింది. వచ్చే పంటకి చూసుకుందాం లెండి అని మా ఓనరే నోటితో చెప్పాడు. ఆ మాట ఏ లెడ్జర్లో ఉంటుంది? మెసేజీ చూసి ఆయన వారంలో ఎక్కడో అప్పు తెచ్చి మొత్తం కట్టేశాడు. రసీదు ఇవ్వడానికి నేనే చెరువు గట్టుకి వెళ్లాను. టీ ఇప్పించాడు, మా పిల్లల చదువులు అడిగాడు, ఫీడ్ సంగతి ఎత్తలేదు. తర్వాత ఆయనొక్కడే కాదు, ఆ గట్టు మీద నాలుగైదు చెరువులు వేరే డీలరుకి వెళ్లిపోయాయి.

అందుకే అంటున్నాను, ఒక్కో పార్టీకి బిల్లు వారీ బాకీ ప్రింటు తీసి, మన కుర్రాళ్లతో పంపించి, సరిగ్గా ఉందని సంతకం పెట్టించుకునేదాకా ఆ మెసేజీల జోలికి పోకు. ఖాతాలు పేరుతో కలపకు, ఫోన్ నంబరు, చెరువున్న ఊరు చూసి కలుపు. భీమవరం సెంటర్లో ‘రాజు గారూ’ అని పిలిస్తే ఎంతమంది వెనక్కి తిరుగుతారో నీకు తెలియదా! గడువు సీడ్ వేసిన తేదీ నుంచి లెక్కకట్టేలా పెట్టించు, కుదరదంటే ఆ కంపెనీ వద్దు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం చేసి ఇక్కడ రొయ్య రేటు పడిపోయినప్పుడు బాకీకి ఆగుతానని నువ్వు ఎంతమందికి మాటిచ్చావో, అవన్నీ ఎవరికి, ఎప్పటిదాకా అని రాసుకోవడానికి ఒక గడి పెట్టించు. నీకు గుర్తుంటాయి, ఆకివీడు బ్రాంచి కుర్రాడికి తెలియవు కదా.

పెద్ద గుమాస్తాగారిని మాత్రం ‘మీకు రాదు లెండి’ అని పక్కన కూర్చోబెట్టకు. అక్షరాలు పెద్దవి చేసి పెట్టు, నేర్చుకుంటారు. ఎవరి బాకీ నిజం, ఎవరిది తప్పుడు ఎంట్రీ అన్నది చెప్పగలిగేది ఆయనొక్కరే.

మొదట ఉండిలో బ్రాంచి ఒక్కటే మార్చు, పక్కన టాలీ కూడా నడవనీ. రెండు పనులని స్టాఫ్ గొణుగుతారు, గొణగనీ. పాత బాకీలున్న పార్టీల లిస్టు ప్రింటు తీసి అక్కకిచ్చి పంపు. కాళ్ల, మొగల్తూరు వైపు వాళ్లలో చాలామంది నాకు ఎరుకే, ఎవరికి ఫోన్ చేస్తే సరిపోతుందో, ఎవరింటికి నువ్వే వెళ్లాలో పక్కన రాసిస్తాను. అన్నట్టు మధ్యాహ్నం అన్నం నాలుగింటికి తింటున్నావట, అదీ చెప్పింది అక్క.

మావయ్య