తిరిగే చక్రం మీద ఫోన్ యాక్సెలరోమీటర్: లెక్కకూ రీడింగ్‌కూ తేడా ఎందుకు వస్తోంది?

తిరిగే పలక మీద ఫోన్ పెట్టారు. కేంద్రం నుంచి ఫోన్ మధ్య వరకు స్కేలుతో కొలిచి అభికేంద్ర త్వరణం (గుండ్రంగా తిరిగే వస్తువుకు కేంద్రం వైపు ఉండే త్వరణం) లెక్కగట్టారు. ఫోన్ చూపించేది దానికన్నా పావు వంతు ఎక్కువగా ఉంది, సెన్సర్ పాడైందా అని అడిగారు. ఫోన్ బాగానే ఉండి ఉంటుంది. స్కేలు ఎక్కడిదాకా పెట్టారన్నదే చూసుకోవాలి. మాకూ మొదటి ఏడాది సరిగ్గా ఇదే జరిగింది.

నేను కడపలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. భ్రమణ గమనం పాఠానికి మేం వాడేది కుమ్మరి సారె. ఒక పెద్దాయన ఇంట్లో వాడకుండా పక్కన పెట్టేసినది అడిగి తెచ్చుకున్నాం. కట్టెతో నాలుగు తిప్పులు తిప్పి వదిలితే చాలాసేపు తిరిగి మెల్లగా ఆగుతుంది. ఆ మెల్లగా ఆగడమే మనకు కావాలి. వేగం ఒకేలా ఉండాలని మోటారు కోసం తంటాలు పడకండి. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో ఈ ప్రయోగం తయారుగా ఉంది. ఫోన్‌లోని గైరోస్కోప్ కోణీయ వేగం (ఎంత వేగంగా తిరుగుతోందో) ఇస్తుంది, యాక్సెలరోమీటర్ త్వరణం ఇస్తుంది. సారె నెమ్మదిస్తున్న కొద్దీ గ్రాఫ్ మీద చుక్కలు వాటంతటవే పడతాయి. కోణీయ వేగం వర్గానికి త్వరణం గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలే వ్యాసార్థం, అంటే కేంద్రం నుంచి సెన్సర్‌కు ఉన్న దూరం. ఒకే వైఫైలో ఉంటే ఫోన్ తిరుగుతుండగానే ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ చూడొచ్చు.

మేం స్కేలుతో కొలిచింది 20 సెంటీమీటర్లు. వాలు చెప్పింది 25. కోణీయ వేగం సెకనుకు 5 రేడియన్లు ఉన్నప్పుడు 5 m/s² రావాల్సిన త్వరణం 6.25 వచ్చింది. ఫోన్‌ను అక్కడే తల కిందులుగా తిప్పి, తల భాగం కేంద్రం వైపు పెట్టి మళ్లీ తిప్పాం. ఈసారి వాలు 15 సెంటీమీటర్లు వచ్చింది. రెండింటి సగటు 20, తేడాలో సగం 5. అంటే సెన్సర్ ఫోన్ మధ్యలో లేదు, తల వైపు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంది. మీదీ ఇదే అయి ఉంటుంది, ఒకసారి తిప్పి పెట్టి చూడండి.

ప్లస్, మైనస్ గుర్తు విషయం తొందరపడి దాటేయొద్దు. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైనది అదే. ఫోన్ తల బయటికి ఉంటే వై అక్షం (ఫోన్ పొడవు వెంట, తల వైపు ప్లస్) రీడింగ్ మైనస్‌లో వస్తుంది, అంటే త్వరణం లోపలికి అని. రాయచోటి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది, "గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు మలుపు తిరిగితే బయటి వైపుకే పడతాం కదా సార్, ఇదేంది లోపలికి చూపిస్తోంది?" అని. "కిటికీ పక్కన కూర్చున్నప్పుడు బస్సు గోడ నీ భుజాన్ని ఎటు తోస్తుందమ్మా?" అన్నాను. భుజం మీద చేయి పెట్టుకుని కాసేపు ఆలోచించి, "లోపలికే సార్" అంది. సెన్సర్ లోపల ఉన్నదీ అంతే, స్ప్రింగుల మధ్య వేలాడే ఒక చిన్న ముద్ద. స్ప్రింగులు దాన్ని లోపలికి లాగుతాయి, ఫోన్ ఆ లాగుడునే చదువుతుంది. బల్ల మీద కదలకుండా ఉన్న ఫోన్ పైకి 9.8 చూపించేది కూడా అందుకే, బల్ల దాన్ని పైకి మోస్తోంది కాబట్టి.

చక్రం మట్టంగా ఉందో లేదో చూసుకోండి. 2 డిగ్రీలు వంగినా గురుత్వం వల్ల 0.34 దాకా కలుస్తూ, తీసేస్తూ ఉంటుంది. గీత రంపం పళ్లలా కనిపిస్తే కారణం ఇదే.

ఫోన్‌ను టేపుతో అంటించొద్దు. మా ఎండలకు టేపు జిగురు వదిలేసి నా ఫోన్ ఎగిరి గచ్చు మీద పడింది, స్క్రీన్ పగిలింది. నున్నటి పలక మీద త్వరణం పెరిగితే ఫోన్‌ను ఘర్షణ ఒక్కటే పట్టి ఉంచలేకపోతుంది. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి అడ్డంగా, నిలువుగా బిగించండి. పిల్లల్ని రెండడుగులు వెనక నిలబెట్టండి. మరీ వేగంగా తిప్పినా లాభం లేదు, కొన్ని ఫోన్లలో ఒక హద్దు దాటాక గ్రాఫ్ పైభాగం కోసేసినట్టు చదునుగా అయిపోతుంది.

గైరోస్కోప్ లేని ఫోనైతే కోణీయ వేగం కోసం సారె మీద సుద్దతో గుర్తు పెట్టి, 5 చుట్లకు పట్టే టైమ్ స్టాప్‌వాచ్‌తో తీయండి. అలాంటి కొలతలు నాలుగైదు చాలు.

సెన్సర్ చోటు తెలిశాక ఫోన్‌ను అడ్డంగా పెట్టి వెడల్పు వైపు కూడా కొలిచి, వెనకాల స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టించండి. ఆ చుక్కను సరిగ్గా సారె నడిమధ్యన ఉంచి తిప్పమనండి. ఫోన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఎక్స్, వై రీడింగులు మాత్రం సున్నా దగ్గరే ఉంటాయి. అలా ఉంటే పిల్లలు పెట్టిన చుక్క సరైన చోట పడినట్టే.