తొంభై నాలుగు దగ్గరే ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: సార్, మాది తణుకు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంట్లో 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ ఉంది. నెట్ నత్తనడక నడుస్తోందని పోయిన నెల మూడు వేల పైచిలుకు పెట్టి, నాలుగు కొమ్ములున్న కొత్త రౌటర్ కొన్నాం. డబ్బా మీద ‘ఏసీ1200’ అని రాసుంది. హాల్లో దాని పక్కనే నిలబడి ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెడితే 93, 94 వస్తోంది. అంతకు మించి ఒక్కసారి కూడా రాలేదు. పాత రౌటర్‌తోనూ ఇంతే. వెనక గదిలో కూర్చుని మా అబ్బాయి రాత్రి షిఫ్టు పని చేసుకుంటాడు, అక్కడైతే 8, మహా అయితే 10. రౌటర్ టీవీ వెనక ఉంది. మధ్యలో పడగ్గది, ఆ గోడకి ఆనించి బీరువా. నెట్ కంపెనీ కుర్రాడు వచ్చి వాళ్ల పెట్టెకి ల్యాప్‌టాప్ తగిలించి 200 చూపించాడు. ‘మా వైపు బాగానే ఉందమ్మా’ అని వెళ్లిపోయాడు. షాపాయన ఇంకా పెద్ద రౌటర్ తీసుకోమంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: ఆగండి టీచరుగారూ, ఇప్పుడే పర్సు తియ్యకండి. నాకొచ్చే ఉత్తరాల్లో పదింట తొమ్మిది ‘నెట్ స్లో, ఏం చేయాలి’ అని రెండు ముక్కల్లో ముగిసిపోతాయి. మీరు అంకెలు రాశారు. రోగం సగం అక్కడే దొరికిపోయింది.

వైఫైలో స్పీడ్ ఎప్పుడూ ఒకచోట నిలబడదు. ఇప్పుడు 130 వస్తే ఇంకాసేపటికి 85, ఎవరైనా అడ్డంగా నడిస్తే 60. గాలి సంగతి అంతే. మీకేమో గీత గీసినట్టు 94 దగ్గరే ఆగుతోంది. అలా ఆగిందంటే తప్పు గాలిది కాదు, వైరుది. 100 ఎంబీపీఎస్ లింకులో డేటాకి చుట్టే ప్యాకింగ్ పోగా మనకి మిగిలేది 94, 95. బియ్యం బస్తాలో గోనెసంచి బరువు తీసేసినట్టన్నమాట. కాబట్టి కంపెనీ పెట్టె దగ్గర 200 వస్తోంది, రౌటర్ దగ్గరికి వచ్చేసరికి దారి వందకి ఇరుకైపోతోంది. రౌటర్ మార్చినా అంకె మారలేదని మీరే రాశారు. మరి మారనిది ఏమిటి? ఆ పెట్టె, దాని రంధ్రం, అక్కడినుంచి వచ్చే వైరు.

అయినా రెండు రౌటర్లూ వందవే కావచ్చు, అందుకని ముందు కొత్త రౌటర్ డబ్బా బయటికి తీయండి, పారేయకుండా ఉంటే. ‘ఏసీ1200’ చూసి 1200 వస్తుందనుకోకండి. వైఫై గాలిలో వెళ్లే దారులు రెండు: 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867, రెండూ కూడి పైకి సరిచేసిన సంఖ్య అది. మామూలుగా ఫోన్ ఆ రెండింటినీ కలిపి వాడుకోదు. చూడాల్సింది పోర్టుల గురించి, అంటే వైరు గుచ్చే రంధ్రాల గురించి, చిన్న అక్షరాల్లో రాసింది. ‘10/100/1000’ అనో గిగాబిట్ (అంటే వెయ్యి ఎంబీపీఎస్) అనో ఉంటే సరే. ఒట్టి ‘10/100’ అని ఉంటే ఆ రౌటర్‌లోకి వందకి మించి చచ్చినా దూరదు. ఏసీ1200 పేరుతో అలాంటివి బజార్లో బోలెడున్నాయి. అప్పుడు మాత్రం షాపాయన సగం నిజం చెప్పినట్టే. రౌటర్ మార్చాలి కానీ పెద్దది అక్కర్లేదు, గిగాబిట్ పోర్టులున్నది చాలు.

రెండోది కంపెనీ పెట్టె. కొన్నిటికి ఒక్క రంధ్రమే గిగాబిట్, మిగతావి వందవి. వాటి పక్కన జీఈ, ఎఫ్ఈ అని గుర్తులుంటాయి, జీఈ అంటే గిగాబిట్. ఆ కుర్రాడు ల్యాప్‌టాప్‌ని మొదటి రంధ్రంలో పెట్టి చూపించి, మీ రౌటర్ వైరుని రెండోదాంట్లో వదిలేసి వెళ్లాడేమో చూడండి. అదే అయితే వైద్యం ఒక్క నిమిషం.

మూడోది వైరు. నా అనుమానం ఎక్కువగా దీని మీదే. లోపల ఎనిమిది తీగలుంటాయి, రెండేసి చొప్పున మెలేసి నాలుగు జతలు. వంద స్పీడుకి రెండు జతలు చాలు, అంటే క్లిప్పులో 1, 2, 3, 6 స్థానాల్లో ఉండే తీగలు. వెయ్యి స్పీడుకి ఎనిమిదీ కావాలి. ఒక్క గోధుమరంగు తీగ తెగినా చాలా పెట్టెలు నోరు మెదపకుండా వందకి దిగిపోతాయి. లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, అనుమానం రాదు.

వైరు చివర క్లిప్పుని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. కొక్కెం కిందివైపు, క్లిప్పు మూతి మీకు అవతలివైపు ఉంచి చూస్తే ఎడమ నుంచి మామూలుగా ఈ వరస కనబడుతుంది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిది తీగల కొసలూ ప్లాస్టిక్ చివరిదాకా వచ్చి తాకాలి. ఒకటి ఆవగింజంత వెనక్కి ఉన్నా ఇత్తడి పన్ను దాని మీద దిగదు. రెండు చివర్లూ చూడండి. బయటి తొడుగు క్లిప్పులోకి పోకుండా రంగు తీగలు బయట వేలాడుతుంటే ఆ క్లిప్పు కొట్టింది తొందరలో ఉన్న మనిషే. నేనూ తొందరలో అలాంటివి చాలా కొట్టాను, దాచుకోవడమెందుకు.

మా ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. రాజమండ్రిలో పాతికేళ్లుగా ఊరందరికీ వైర్లు లాగేవాణ్ని, మా ఇంట్లోనే నెట్ ఒకరోజు వేగంగా, ఒకరోజు ఈడ్చుకుంటూ నడిచేది. రెండు రౌటర్లు మార్చాను. చివరికి మా ఆవిడ అంది: ‘వాన పడినప్పుడే నెట్ ఈడుస్తోంది, చూశారా?’ వానకీ దీనికీ సంబంధమేమిటని కసిరాను కూడా. సంబంధం ఏమిటంటే, వాన పడితే తను కిటికీ రెక్క మూస్తుంది. ఆ రెక్క సందులోంచి వైరు లాగిన మహానుభావుణ్ని నేనే. రెక్క నొక్కినప్పుడల్లా లోపల నలిగిన నీలం తీగ విడిపోయేది, తెరిస్తే మళ్లీ అతుక్కునేది.

మీరు చేయాల్సిందల్లా ఒక మీటరు రెడీమేడ్ ప్యాచ్ కార్డ్ (రెండు చివర్లా క్లిప్పులు కొట్టేసి అమ్మే వైరు) కొని, రౌటర్‌ని కంపెనీ పెట్టె పక్కకే తెచ్చి, దాంతో కలిపి స్పీడ్ టెస్ట్ చూడటం. 94 దాటిందంటే దొంగ పాత వైరే.

ఇక వెనక గది. అది వేరే రోగం, ఈ మందుకి తగ్గదు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది కానీ ఇటుక గోడ దాటాలంటే నీరసపడుతుంది. 2.4 గోడలు దాటుతుంది, మోసేది తక్కువ. మీ ఇంట్లో ఏదైనా సరే ముందు టీవీని, గోడని, బీరువాని దాటాలి. ఇనప బీరువా అంటే రేడియో తరంగాలకి మూసిన తలుపే. రౌటర్‌ని టీవీ వెనకనుంచి తీసి తలెత్తు స్టాండు మీద పెడితే కాస్త మెరుగు. కొమ్ములు నాలుగున్నా ఎనిమిదున్నా బీరువా బీరువాయే.

షాపులో వైఫై రిపీటర్ అంటగడతారు, తీసుకోకండి. మామూలు రిపీటర్ విన్నదాన్నే అదే గాలిలో మళ్లీ పలుకుతుంది, వేగం సగానికి సగం పోతుంది. మీ దగ్గర పాత రౌటర్ ఊరికే పడుందిగా? హాలు నుంచి వెనక గదికి ఒక వైరు లాగించండి. వంద మీటర్ల దాకా ఈ వైరుకి ఢోకా లేదు, మీకు ఇరవై మీటర్లు కూడా పట్టదు. పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అంటే వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పని ఒక్కటే దానిది. ఆ మోడ్ లేకపోతే ముందు దాని అడ్రసు కొత్తదానితో కలవకుండా మార్చి, తర్వాత డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రసులు పంచే పని) ఆపి, వైరుని ‘WAN’ అని రాసున్న రంధ్రంలో కాకుండా ‘LAN’ అని రాసున్నదాంట్లో పెట్టండి. వైఫై పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే ఇస్తే ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగినా ఇబ్బంది ఉండదు.

వైరు కొనేటప్పుడు ఒక తీగ కొస మీద బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగిపూత పూసిన అల్యూమినియం, నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. లోపలా ఎర్రగా ఉన్నదే రాగి.

ప్రశ్న: కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. పొద్దున నెట్ పరిగెడుతుంది. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా వీడియో చక్రంలా తిరుగుతూ కూర్చుంటుంది. రౌటర్ కొత్తదే. దీన్ని తిరిగిచ్చేయనా?

జవాబు: రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి వైరుతో తగిలించి, వైఫై ఆపి చూడండి. వైరులోనూ పడిపోతే అది మీ లైను మీద జనం రద్దీ, కంపెనీతోనే తేల్చుకోవాలి. టైము, అంకె కనబడేలా నాలుగు రాత్రుల స్క్రీన్‌షాట్లు పెట్టుకుని ఫోన్ చేయండి, మాట మారుతుంది.

వైరులో బాగుండి వైఫైలోనే చతికిలబడితే ఇరుగుపొరుగు రౌటర్ల గోల. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుంటే మీకే కనబడుతుంది, ఎంతమంది ఒకే ఛానల్ మీద ఎక్కి కూర్చున్నారో. 2.4లో ఒకదానితో ఒకటి రాసుకోని ఛానళ్లు మూడే: 1, 6, 11. వాటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, ఛానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి తగ్గించండి. తగ్గిస్తే వేగం పెరగడమేమిటని అడుగుతారు. ఇరుకు సందులో లారీ కంటే స్కూటర్ ముందు పోతుంది. టీవీకి వైరు ఇచ్చేయండి, ఫోన్లని 5 గిగాహెర్ట్జ్ మీదికి మార్చండి. రౌటర్ తిరిగివ్వక్కర్లేదు.

ప్రశ్న: నా ప్లాన్ 200. ఏదైనా డౌన్‌లోడ్ పెడితే కంప్యూటర్లో 24 మించి చూపించదు. మోసమేగా?

జవాబు: మోసం లేదండీ. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, కంప్యూటర్ చూపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 200ని ఎనిమిదితో భాగించి చూసుకోండి.

ప్రశ్న: ఇంట్లో ఫోన్లన్నిటికీ 150 పైన వస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం 20 దాటదు. పదేళ్ల కిందట కొన్నది. రౌటర్ దానికి సరిపడదా?

జవాబు: రౌటర్ సెట్టింగుల్లో వైఫై సెక్యూరిటీ ఏముందో చూడండి. ‘టీకేఐపీ’ (TKIP, పాతకాలం తాళం) అన్న మాట కనిపిస్తే తీసేసి, దాని తర్వాతి తాళం ‘డబ్ల్యూపీఏ2, ఏఈఎస్’ (WPA2, AES) పెట్టండి. టీకేఐపీతో కలిసిన పరికరం లింకు 54 దాటదు, అందులో చేతికొచ్చేది ఇరవై చిల్లరే. అది మార్చినా 40, 45 దగ్గర ఆగిందా, మీ ల్యాప్‌టాప్‌కి 2.4 ఒక్కటే తెలిసి ఉండొచ్చు. 5 గిగాహెర్ట్జ్ పట్టే యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఒకటి గుచ్చండి. ల్యాప్‌టాప్‌లో నీలం రంగు యూఎస్‌బీ రంధ్రం ఉంటే అందులోనే గుచ్చండి, నల్లదాంట్లో వద్దు.