పట్టేసిన స్టీరింగ్ చక్రం ఊడదీయడం గురించి

చిరంజీవికి,

నట్టు వదులైనా స్టీరింగ్ చక్రం షాఫ్టు మీంచి కదలట్లేదంటే స్ప్లైన్లు, అంటే షాఫ్టుకూ చక్రానికీ ఒకదాన్నొకటి పట్టుకునే నిలువు గాళ్లు, తుప్పుతో పట్టేశాయన్నమాట. నీ బలంతో ఊడేది కాదది.

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసెయ్. బండి ముందు చక్రాలు తిన్నగా పెట్టుకో. హారన్ బటన్ కొన్ని బండ్లలో నొక్కి తిప్పితే వస్తుంది, కొన్నిట్లో హబ్బు (చక్రం నడిమి భాగం) పక్కన చిన్న గ్రబ్ స్క్రూలు (తల లేని స్క్రూలు) పట్టుకుని ఉంటాయి. అది చూసుకోకుండా స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే అంచు విరుగుతుంది. అలాంటి బటన్ మళ్లీ దొరకడం కష్టం. కింది స్ప్రింగు ఎగిరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టు. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో హారన్ తీగలు సన్నని గొట్టంలోంచి స్టీరింగ్ బాక్సు అడుగుదాకా పోతాయి. అక్కడి నట్టు వదిలిస్తే నూనె కారుతుంది, పళ్లెం పెట్టుకో.

నట్టును పూర్తిగా తీయకు. షాఫ్టు కొసతో సమంగా ఉంచు. షాఫ్టు మరలు (థ్రెడ్లు) చెడవు, చక్రం ఒక్కసారిగా ఊడి మొహానికి తగలదు. షాఫ్టు మీదా హబ్బు మీదా సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఉక్కు కడ్డీ) ఎదురెదురుగా చుక్క పెట్టు, చక్రం తిరిగి అదే చోట కూర్చోబెట్టడానికి.

తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలెయ్. అసిటోన్ కలిపిన మిశ్రమం మాత్రం వద్దు, ప్లాస్టిక్ రిమ్మునూ రంగునూ తినేస్తుంది. పొద్దున పుల్లర్ (నడిమి బోల్టు షాఫ్టును నొక్కుతుంటే చక్రాన్ని పైకి లాగే పనిముట్టు) పెట్టు. హబ్బులో మరల రంధ్రాలుంటే బోల్టులు కనీసం తమ వ్యాసమంత లోతు దిగాలి, లేకపోతే మరలు ఊడొస్తాయి. రంధ్రాలు లేకపోతే కొక్కేలు హబ్బు కిందే పట్టాలి. చక్రం పుల్లలకు (స్పోకులకు) తగిలించావో, అవి వంగి రిమ్ము పగులుతుంది. షాఫ్టు బోలుగా ఉంటే కొస మీద ఇనుప బిళ్ల పెట్టి, దాని మీద పుల్లర్ బోల్టు ఆనించు.

ఆ బోల్టు బిర్రుగా బిగించి కాసేపు ఆగు. తర్వాత హీట్ గన్‌తో హబ్బును మాత్రమే రెండు మూడు నిమిషాలు వేడి చెయ్. హబ్బు వ్యాకోచిస్తుంది, షాఫ్టు ఇంకా చల్లగానే ఉంటుంది. అప్పుడు బోల్టును ఇంకో పావు చుట్టు తిప్పితే ‘టక్’మని వదులుతుంది. వదలకపోతే మళ్లీ నూనె, మళ్లీ వేడి. మంట జోలికి పోకు. కొన్ని పాత చక్రాల పూత సెల్యులాయిడ్, భగ్గున అంటుకుంటుంది.

షాఫ్టు కొసను సుత్తితో కొట్టమని చాలామంది చెబుతారు, వినకు. మరలు నలుగుతాయి, కింది బేరింగులు దెబ్బతింటాయి. జనరల్ మోటార్స్ 1967 మోడళ్ల నుంచి పెట్టిన కుంగే కాలమ్ (గుద్దుకున్నప్పుడు లోపలికి కుంగే స్టీరింగ్ స్తంభం) అయితే లోపలి ప్లాస్టిక్ పిన్నులే తెగిపోతాయి.

తిరిగి బిగించేటప్పుడు స్ప్లైన్లు తీగ బ్రష్షుతో తోమి, కాపర్ గ్రీజు పల్చగా రాయి. నట్టు ఎంత బిగించాలో నీ బండి వర్క్‌షాప్ మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించు.